ఖాయం కాని గది

పోయినవారం మరదల్ని వదిన గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఒక చేతిలో కొలతల టేపు, ఇంకో చేతిలో సగం కుట్టిన గౌను, ఒంట్లో కాలి గోటి నుంచి నడినెత్తి దాకా కోపం.

మధ్యలో కథ అందుకున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఆ ఇంట్లో ఉండేది నలుగురు. మేడల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆ వీధి మొత్తానికీ బట్టలు కుట్టే అతని భార్య. బడికెళ్ళే వాళ్ళ కూతురు. పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకుంటూ తమ్ముడి దగ్గరే ఉండిపోయిన అతని అక్క. మనం మరదలు అంటున్నది ఆ కుట్టుపని ఆమెని. వదిన అంటున్నది పెద్దాసుపత్రిలో టెలిఫోను ఆపరేటరుగా చేస్తున్న ఆ అక్కని. యాభై దాటినా వదిన గొంతు మాత్రం ఇంకా ఎదుగుతున్న ఆడపిల్లదిలా ఉంటుంది. ఫోనులో విన్నవాళ్ళెవరూ వయసు పోల్చుకోలేరు.

ఈ నలుగురూ కలిసి సముద్రం ఒడ్డునున్న ఊరికి వారం రోజుల సెలవు మీద వెళ్ళాలనుకున్నారు. అనుకోవడమైతే చలికాలంలోనే అనుకున్నారు. ఏర్పాట్లన్నీ వదిన నెత్తిన వేసుకుంది. "మీరెవరూ వేలు పెట్టకండి, అంతా నేను చూసుకుంటాను" అంది. ఇంట్లో అందరూ హాయిగా చేతులు దులుపుకున్నారు. భోజనాల బల్ల మీద ఆ ఊరి పటం పరిచింది మొదలు, అందరూ దాని మీదే కంచాలు పెట్టుకుని తింటున్నారు. రేవు మీద పులుసు మరక పడింది. దీపస్తంభం పక్కన కూతురు తన పేరు రాసుకుంది.

ఎవరి కోరిక వాళ్ళది. కూతురికి ఈత కావాలి. మెకానిక్కుకి ఆ ఊళ్ళో కొండ మీదికి తీగల మీద వేలాడుతూ వెళ్ళే పెట్టె ఎక్కాలని ఉంది. "సెలవులో కూడా లిఫ్టేనా మీకు?" అని మరదలు ఎగతాళి చేస్తే, "అది లిఫ్టు కాదోయ్, లిఫ్టుకి పెదనాన్న" అన్నాడు. మరదలికి ఏమీ చేయకుండా కూర్చోవాలని ఉంది. వదిన మాత్రం తనకేం కావాలో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మెకానిక్కుకి సెలవు మంజూరయింది. కూతురికి ఈత బట్టలు కొన్నారు. మరదలు తన కొట్టు తలుపు మీద ఆ వారం బట్టలు తీసుకోనని అట్టముక్క వేలాడదీసింది. అన్నీ అయ్యాక ఆ పొద్దున ఏదో బుద్ధి పుట్టి, పిల్లకి వేరే మంచం వేస్తారో లేదో కనుక్కుందామని లాడ్జికి తనే ఫోన్ చేసింది. గదులు తుడిచే ఆమె తీసింది. ఓనరుగారు బజారుకెళ్ళారని చెప్పి, "ఆ వారానికి మీ ఊరి నుంచి ఎవరూ గది ఖాయం చేసుకోలేదమ్మా" అంది.

అక్కడాగాం.

మరదలు గుమ్మంలో నిలబడేసరికి వదిన అద్దం ముందు నిలబడి జుట్టు ఒకసారి పైకెత్తి, ఒకసారి వదిలి చూసుకుంటోంది. ఆసుపత్రికి సెలవు రోజు. కిటికీలోంచి ఎండ మంచం సగం దాకా వచ్చింది.

"వచ్చావా? రా, రా. నీకోసమే చూస్తున్నా. అంచు ఎంత ఎత్తులో పెడదామంటావు? మరీ కిందికుంటే ఇసుకలో తడిసిపోతుందేమో."

ఆ నవ్వు చూసి మరదలికి ఇంకా ఒళ్ళు మండింది. అయినా నోరు జారలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో వదినని మాటల్లో పట్టుకున్నవాళ్ళెవరూ లేరని ఆమెకి తెలుసు. ఏదడిగినా వదిన దాన్ని చక్కగా ఇంకొకళ్ళకి కలిపేస్తుంది. "అది తమ్ముణ్ణి అడుగు." "అది పిల్లనడుగు." పొద్దస్తమానం ఆసుపత్రిలో చేసే పనే ఇంట్లోనూ. గట్టిగా అడిగితే పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు గుర్తొచ్చి లేచి వెళ్ళిపోతుంది. కాబట్టి ముందు కదలకుండా చేయాలి.

"పీట ఎక్కండి వదినా. గౌను వేసుకోండి. అంచు పట్టేద్దాం."

నారింజ పండు రంగు గౌను. రెండు పక్కలా జేబులు. ఆ రంగు ఎంచుకున్నది వదినే. ఇన్నేళ్ళలో బూడిద రంగు, గోధుమ రంగు తప్ప ఇంకోటి ముట్టుకోని మనిషి గుడ్డల దుకాణంలో ఆ తాను మీద చెయ్యి వేసి, "ఇది బావుంటుందా, నవ్వుతారా?" అని అడిగితే మరదలే నమ్మలేకపోయింది. ఇప్పుడా గౌనులో పీట మీద నిలబడితే వదిన మొహానికి కూడా ఆ రంగు కాస్త అంటుకున్నట్టుంది.

మరదలు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. అంచు మడిచి చుట్టూ గుండుసూదులు గుచ్చింది. నడుం దగ్గర గుచ్చింది. చంకల కింద గుచ్చింది. అవసరమైనవాటికంటే నాలుగు ఎక్కువే గుచ్చింది.

"కదలకండి వదినా. గుచ్చుకుంటాయి."

"కదలనులే."

"పొద్దున ఆ లాడ్జికి ఫోన్ చేశాను."

వదిన కదిలింది. "అబ్బా!" అంది.

"చెప్పాగా, కదలొద్దని."

"నువ్వెందుకు చేశావే? అవన్నీ నేను చూసుకుంటున్నా కదా!"

"పిల్లకి వేరే మంచం ఇస్తారేమో అడుగుదామని."

"అది నేనెప్పుడో అడిగేశాను. మడత మంచం ఇస్తారు. స్ప్రింగులు కిర్రుమంటున్నాయట, మనం వెళ్ళేలోపు నూనె వేస్తామన్నారు. ఉప్పుగాలి కదా, అక్కడ ఇనుప సామానేదీ నిలవదు. కిటికీ బందులు కూడా ఏటా మార్చాల్సిందేనట."

"స్ప్రింగులకి నూనె దాకా వెళ్ళారు. గది మాత్రం ఖాయం చేయలేదు."

వదిన అద్దంలోకి చూసింది. అద్దంలో మరదలి కళ్ళు కనిపించేసరికి కిటికీ వైపు చూసింది.

"పొయ్యి మీద పాలు..."

"పాలు లేవు. పొయ్యి ఆర్పేసే వచ్చాను."

"అయితే వాళ్ళు పొరపాటు పడి ఉంటారు. ఇంకోసారి..."

"వదినా!"

కోపం వచ్చినప్పుడు మరదలి నోట 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోతుంది. ఇన్నేళ్ళలో అలా రెండుమూడు సార్లు జరిగిందేమో. ఇప్పుడు జరిగింది.

"నీకు రావాలని లేకపోతే ఒక్క మాట చెప్పకూడదా? మేమేమన్నా కట్టేసి తీసుకెళ్తామా? నీ తమ్ముడు ఆ సెలవు కోసం ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాడో నీకు తెలీదా? బడి పిల్లల నాటకం బట్టలన్నీ నాకే ఇస్తామంటే వద్దన్నాను. వద్దని ఎవరైనా అంటారా? నేనన్నాను. ఎందుకో తెలుసా? ఈ చేతుల్లో సూది లేకుండా ఒక్క పూట కూర్చోవాలని. పెళ్ళయిన దగ్గర్నుంచీ కూర్చున్నానా ఎప్పుడైనా? కూర్చుంటే మిషను ముందే. ఇక్కడ మేం సంచులు సర్దుకుంటున్నాం. నేను ఫోన్ చేయకపోతే ఆ ఊళ్ళో దిగాక అందరం వీధిన పడి ఉండేవాళ్ళం, పిల్లనీ సామాన్లనీ వేసుకుని!"

ఏడుపొస్తుందేమోనని మరదలు గబగబా ఇంకో సూది గుచ్చింది. అది సరిగ్గా గుడ్డలోకే వెళ్ళింది కాబట్టి సరిపోయింది.

పీట మీద వదిన కిందకి దిగుదామన్నా సూదులు దిగనివ్వలేదు. చేతులు రెండూ కొత్త జేబుల్లో పెట్టుకుంది, ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు.

"రావాలని లేకపోవడమా?" అంది చివరికి. "నాకున్నంత మీ ముగ్గురికీ కలిపి కూడా లేదే."

"మరి?"

"గది ఖాయం చేసేస్తే ఇంకేం అడుగుతాను?"

"ఎవర్ని?"

"ఆయన్ని."

మరదలు పెదాల మధ్య పట్టుకున్న సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. మింగేస్తానేమోనని భయమేసింది.

"ఏ ఆయన్ని?"

అప్పుడు చెప్పింది వదిన. మొదట నీళ్ళు నమిలింది. తర్వాత ఒకసారి నోరు విప్పాక ఇక ఆగలేదు.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు అద్దె ఎంత, గదులెన్ని అని అడుగుదామనే చేసింది. అవతల తీసింది లాడ్జి ఓనరే. కాస్త బొంగురు గొంతు, తొందర లేని మాట. వెనకాల ఏదో హోరు వినబడుతుంటే, లైను బాగాలేదేమోనని తనకలవాటైన మాటే అంది, 'ఒకసారి పెట్టేసి మళ్ళీ చేస్తానండీ' అని. ఆయన నవ్వాడు. 'లైను బాగానే ఉందండీ, అది సముద్రం. పొద్దుట్నించీ ఇలాగే గొడవ చేస్తోంది. వింటారా?' అని ఫోను కిటికీలోంచి బయటికి పట్టుకున్నాడు.

"ఎంతసేపు పట్టుకున్నాడో తెలీదు. నేనేమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు. నేను ఆసుపత్రిలో ఆ ఫోన్ల బోర్డు ముందు కూర్చుని ఎన్ని గొంతులు విని ఉంటాను చెప్పు? ఏడ్చేవాళ్ళు, అరిచేవాళ్ళు, డాక్టరుని ఇమ్మనేవాళ్ళు, పుట్టింది ఆడా మగా అని అడిగేవాళ్ళు. అందరూ నన్ను దాటి ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళే. ఒక్కళ్ళు కూడా నాకేదీ వినిపించాలని ఫోన్ పట్టుకోలేదు. నాకు!"

మరదలు కిందనుంచి తలెత్తి చూసింది.

ఆ తర్వాత వారం వదిన మళ్ళీ చేసింది. గదిలోకి గాలి ఏ వైపు నుంచి వస్తుందో అడగడానికి. ఆ పై వారం అలలు తక్కువగా ఉండే వేళ ఏదో కనుక్కోవడానికి. ఎండ ఏ కిటికీలో పడుతుంది, రేవు దాకా నడవడానికి దారి బావుంటుందా, గాజు అడుగున్న పడవలో కూర్చుంటే నిజంగా చేపలు కనిపిస్తాయా. ఆయన అన్నిటికీ ఓపిగ్గా చెప్పేవాడు. కొన్నిటికి జవాబు తెలీక, 'రేపు స్వయంగా వెళ్ళి చూసి చెప్తానండీ' అనేవాడు. పడవ ఎక్కి చూసి వచ్చి మరీ చెప్పాడట, చేపలు తక్కువే గానీ నాచు మాత్రం భలే ఉందని. ఉండగా ఉండగా ఆయన కూడా అడగడం మొదలుపెట్టాడు. కుర్చీలకి నీలం రంగు వేయిద్దునా, తెలుపా? బోర్డు మీద 'సముద్రానికి ఎదురుగా' అని రాయిస్తే బావుంటుందా, 'సముద్రం పక్కన' అంటే బావుంటుందా?

"మీరేమన్నారు?" మరదలికి తెలీకుండానే 'మీరు' తిరిగొచ్చేసింది.

"'ఎదురుగా' అంటే ఏదో పోట్లాటకి నిలబడ్డట్టుంటుందన్నాను. 'పక్కన' అని రాయించారు."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. నేల మీద చతికిలబడి కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఇన్ని నెలల బట్టీ భోజనాల బల్ల దగ్గర వదిన ఆ ఊరి గురించి చెబుతుంటే, 'మా అక్కకి తెలీనిది లేదు' అని తన మొగుడు మురిసిపోవడం గుర్తొచ్చింది. గాలి సంగతి, ఎండ సంగతి, నాచు సంగతి. అవన్నీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఒక్కళ్ళకీ అనుమానం రాలేదు!

"నవ్వు, నవ్వు" అంది వదిన. "నవ్వుతావనే చెప్పలేదు."

"అందుకు కాదు వదినా..." మరదలు కళ్ళు తుడుచుకుంది. "ఇంతకీ ఆయనకి పెళ్ళాం, పిల్లలు?"

"ఆవిడ పోయి చాలాకాలమైందట. పిల్లల్లేరు. కుక్కొకటి ఉంది. మధ్యలో అదీ మాట్లాడుతుంది."

"మరింకేం? గది ఖాయం చేస్తే ఫోన్లు ఆగిపోతాయంటారేమిటి, మనిషినే చూడొచ్చుగా! వెళ్ళేది ఆయన ఇంటికేగా!"

వదిన మొహం వాడిపోయింది. జేబుల్లో చేతులు ఇంకా లోపలికి వెళ్ళాయి.

"అదేనే వచ్చిన చిక్కు. మొదటిరోజే, 'ఎంతమంది వస్తారండీ?' అన్నారు. ఒక మగమనిషి, ఇద్దరు ఆడవాళ్ళం, ఒక పిల్ల అన్నాను. 'అయితే మీవారికీ పాపకీ ముందుగది బావుంటుంది' అన్నారు. నేను దిద్దలేదు."

"అంటే..."

"అంటే ఆయన లెక్కలో మీ ఆయన మా ఆయన. మీ పిల్ల నా పిల్ల. నువ్వెవరో ఇంకా తేలలేదు."

ఈసారి మరదలికి నవ్వొచ్చినా బలవంతాన ఆపుకుంది.

"తర్వాతైనా చెప్పొచ్చుగా!"

"చెప్దామనే అనుకున్నాను. కానీ అలా అనుకుంటున్నందుకే ఆయన అంత చనువుగా మాట్లాడుతున్నారేమో అనిపించింది. సంసారం ఉన్న మనిషి, నాలుగు మాటలు మాట్లాడితే తప్పేముందిలే అని. ఎవరూ లేనిదాన్నని తెలిస్తే ఆయన తలుపేసుకుంటారేమో. లేకపోతే నేనే వేసుకుంటానేమో. ఎటూ తోచక ఒక్కో వారం నెట్టుకొస్తున్నాను. నిన్నటికి తేల్చుకున్నాను. నాకు సెలవు దొరకలేదని చెప్పేసి మిమ్మల్ని ముగ్గుర్నీ ఇంకో లాడ్జికి పంపిద్దామని."

"ఈ గౌను వేసుకుని ఎక్కడికెళ్దామని? ఆసుపత్రికా?"

వదిన అద్దంలో గౌనుని చూసుకుంది.

మరదలికి కోపం పూర్తిగా పోలేదు. పోలేదు గానీ దానికి కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. తను కొత్తగా ఆ ఇంటికి వచ్చినప్పుడు, మిషను కొనుక్కుంటానంటే, ఇంట్లో అందరూ 'ఎందుకూ?' అని అడ్డు చెప్తే, ఈ మనిషే తన గది ఖాళీ చేసి వెనకగదిలోకి మారింది. ఆ ముందుగదే ఇవాళ కొట్టు. దాని గురించి వదిన మళ్ళీ ఒక్కసారి ఎత్తిన పాపాన పోలేదు. మరదలు లేచి, చంకల కింద గుచ్చిన అక్కర్లేని సూదులన్నీ తీసేసింది. చెయ్యి పట్టుకుని పీట మీంచి దింపింది. మంచం మీద కూర్చోబెట్టింది.

"ఒక మాట చెప్పనా వదినా? పొద్దున ఆ గదులు తుడిచే ఆమె ఇంకోటి కూడా చెప్పింది. నాకప్పుడు బుర్రకెక్కలేదు."

"ఏంటి?"

"గదులన్నీ నిండిపోతున్నాయట. పైగది మాత్రం ఎంతమంది అడిగినా ఇవ్వొద్దని ఓనరుగారు గట్టిగా చెప్పారట. ఎవరికోసమో ఆమెకి తెలీదట. 'మా అయ్యగారికి ఈమధ్య ఏమైందో' అని ఆమె గోల."

వదిన ఊపిరి బిగబట్టింది. "పైగది... గాలి రెండు వైపుల నుంచీ వస్తుంది దానికి. ఉదయం మంచం దాకా ఎండ పడుతుంది. నాకు అదే బావుంటుందన్నాను ఒకసారి. ఉత్తినే అన్నాను."

"ఆయన ఉత్తినే వినలేదులెండి. ఫోన్ తియ్యండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. బజారు నుంచి వచ్చేసి ఉంటారు. నిజం చెప్పి గది ఖాయం చెయ్యండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను, నా పద్ధతిలో చెప్తాను. అది మీకు నచ్చదు."

వదినకి మరదలి పద్ధతి తెలుసు. ఫోను తీసింది. నంబరు నొక్కడానికి చూడక్కర్లేకపోయింది, వేళ్ళే నొక్కేశాయి. మరదలు చెయ్యి చాపి, తనకీ వినబడేలా స్పీకరు పెట్టింది. వదిన కళ్ళెర్రజేసింది. మరదలు పట్టించుకోలేదు.

అవతల ఫోను తీశారు. ముందు హోరు వినబడింది. తర్వాత బొంగురు గొంతు.

"ఇవాళ మీ రోజు కాదే! అంతా కులాసాయేనా అండీ?"

మరదలు రెండు చేతులతో నోరు మూసుకుంది. 'మీ రోజు కాదే' అన్నమాట ఆమెకి అంత బాగా నచ్చింది.

వదిన వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఆసుపత్రి గొంతు తెచ్చుకుంది. "కులాసాయేనండీ. గది ఖాయం చేద్దామని చేశాను."

అవతల కుక్క ఒకసారి మొరిగింది.

"ఓహో" అన్నాడాయన, కాసేపాగి. "సంతోషం. అంటే... ఇక అడగాల్సినవన్నీ అయిపోయాయన్నమాట."

ఆ గొంతులో సంతోషం ఎంతుందో మరదలు చెవికి బాగానే తెలిసింది. వదిన మోకాలి మీద గట్టిగా నొక్కింది, ఊఁ కానివ్వండి అన్నట్టు.

"ఎవరి పేరు మీద రాసుకోమంటారు? మీవారి పేరు చెప్పండి."

వదిన ఆసుపత్రి గొంతు ఎటు పోయిందో పోయింది. వచ్చిన గొంతు మరదలు కూడా అంతకుముందు ఎరగనిది.

"మా తమ్ముడి పేరు రాసుకోండి."

"తమ్ముడుగారా?"

"మా తమ్ముడు, మా మరదలు, నా మేనకోడలు. ముందుగది వాళ్ళకి. నాకు... నాకు వేరే గది ఏదైనా ఉంటే."

"మరి మీవారు?"

"లేరు."

"అయ్యో, క్షమించండి, నాకు తెలీదు..."

"అయ్యో అనకండి. పోయినవాళ్ళెవరూ లేరు. అసలెప్పుడూ లేరు. మొదటిరోజే చెప్పాల్సింది. మీరన్నారు, నేను ఊరుకున్నాను. తర్వాత ఊరుకోవడమే అలవాటైపోయింది."

అవతల్నుంచి సముద్రం మాత్రం వినబడుతోంది, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. వదిన కళ్ళు మూసుకుంది. ఆయన తలుపేసుకుంటే ఎలా ఉంటుందో ముందే చూసుకుంటున్నట్టుంది మొహం. మరదలికి ఆ మొహం చూస్తే తన సెలవూ వద్దు, సముద్రమూ వద్దు అనిపించింది. వదిన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చల్లగా ఉంది.

"వింటున్నారా అండీ?" అంది వదిన, ఇక పట్టలేక.

"వింటున్నాను. కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటున్నాను. రంగు ఇంకా ఆరలేదు, అంటుకుంది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "పైగది మీదేనండీ. చాలారోజుల బట్టీ మీదే. అది కాదు సంగతి. మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ మీతో ఒకటి చెప్పాలి. మీరు ఇక్కడికి వచ్చి, నన్ను చూసి, ఆ తర్వాత తెలుసుకోవడం న్యాయం కాదు. అలాగని ఫోనులో చెప్పేదీ కాదు."

"ఏమిటండీ అది?"

"మీ ఇల్లెక్కడో చెప్పండి. నేనే వస్తాను. ఆదివారం లాడ్జి మా ఆమె చూసుకుంటుంది." మరదలు ఉలిక్కిపడింది. "అదేనండీ, గదులు తుడిచే ఆమె" అని ఆయనే సర్దుకున్నాడు. "నేను చెప్పింది విన్నాక కూడా మీకు రావాలనిపిస్తే, గది ఖాయం. లేకపోతే మీవాళ్ళకి వేరేచోట నేనే ఏర్పాటు చేస్తాను, మీకు మాట రాకుండా."

వదిన మరదలి వంక చూసింది. మరదలు తల ఊపింది, మెడ పడిపోతుందేమో అన్నంతగా.

అప్పుడు వదిన గుర్తులు చెప్పింది. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళ దగ్గరికి ఆంబులెన్సుని పంపేటప్పుడు ఎలా చెబుతుందో అలాగే చెప్పింది, ఒక్కో మాటా విడివిడిగా, రెండోసారి అడగాల్సిన అవసరం లేకుండా. స్టేషను దిగి ఎడం చేతికి రావాలి. మందుల దుకాణం దాటాక కుడి పక్క వీధి. ఆకుపచ్చ గేటు, ముందుగదే కుట్టుమిషను కొట్టు. తలుపు కొట్టక్కర్లేదు, గేటు చప్పుడుకే మాకు తెలుస్తుంది.

"వస్తాను" అన్నాడాయన. ఫోను పెట్టేశాడు.

ఇద్దరాడవాళ్ళూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మంచం మీద అలాగే కూర్చున్నారు. ఏం చెప్తాడో ఏమో అని ఇద్దరికీ భయంగానే ఉంది. భయం కింద మాత్రం ఇంకేదో ఉంది. ముందు వదిన పెదవి చివర కదిలింది. అది చూసి మరదలు ఫక్కున నవ్వింది. అక్కణ్ణుంచి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. బడి నుంచి తప్పించుకొచ్చిన ఆడపిల్లల్లా ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు.

"ఎవరికక్కా, మన ఇంటి గుర్తులు అంత వివరంగా చెబుతున్నావు?"

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. గుమ్మంలో మెకానిక్కు నిలబడి ఉన్నాడు. భుజాన పనిముట్ల సంచి, చేతులకి గ్రీజు. ఏదో మేడలో పని తొందరగా అయిపోయినట్టుంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో.

వదిన లేచి నిలబడింది. నారింజ రంగు గౌను అంచున గుండుసూదులు మెరిశాయి.

"ఆదివారం ఒకాయన వస్తున్నాడురా. సముద్రం ఒడ్డు నుంచి."

"లాడ్జాయనా? ఎందుకూ, గది సంగతి మాట్లాడ్డానికా?"

"కాదు" అంది వదిన. "నాకోసం."

మెకానిక్కు అక్క మొహం చూశాడు. గౌను చూశాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. సంచి భుజం మీంచి జారి నేల మీద ధన్‌మని పడింది. దాన్ని తీసుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"నీకు తెలుసా ఈ సంగతి?" అని అడిగాడు.

ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి గొంతు ఎటు తిరుగుతుందో మాట పూర్తికాకముందే పోల్చుకునేది మరదలు. ఇవాళ మాత్రం ఆమెకి అంతుపట్టలేదు, అతను నవ్వబోతున్నాడో, అరవబోతున్నాడో.